మూడు మిర్చి సీజన్లు, ఒకే జస్ట్‌ఫైల్

గుంటూరు బ్రాడీపేటలో మాది నలుగురు పనిచేసే ఆఫీసు. కోల్డ్ స్టోరేజీలకూ మిర్చి కమీషన్ కొట్లకూ లెక్కల ప్రోగ్రాములు రాసి ఇస్తాం. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఏ గదిలో ఉన్నాయి, వాటి మీద అద్దె ఎంతయింది, సరుకు అమ్మిన రోజు రైతుకిచ్చే పట్టీలో ఏయే ఖర్చులు పోయాయి అనే లెక్కలన్నీ వాటిలోనే నడుస్తాయి. ఫిబ్రవరి వచ్చిందంటే మే నెల దాకా మాకు ఊపిరి సలపదు. మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాకే మా సొంత పనిముట్లను విప్పి శుభ్రం చేసుకునే తీరిక దొరుకుతుంది.

అలాంటి పనిముట్టు ఒకదాని గురించే ఈ సమీక్ష. దాని పేరు జస్ట్. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కమాండ్ రన్నర్. మూడు సీజన్లు దానితో పనిచేశాను. దాని సోర్సు కోడులో చాలా భాగం చదివాను. చదివినదాన్ని బట్టి నా సొంత ప్రోగ్రామును తిరగరాశాను. కాబట్టి పైపైన చూసి చెబుతున్న మాటలు కావు ఇవి.

జస్ట్ ఏం చేస్తుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ప్రాజెక్టు ఫోల్డరులో జస్ట్‌ఫైల్ అనే టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. రోజూ టైపు చేయవలసిన పొడవాటి ఆదేశాలను అందులో ఒక్కో పేరు కింద రాసిపెట్టుకుంటాం. అలా పేరు పెట్టిన ప్రతి ముక్కనూ రెసిపీ అంటారు. టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) జస్ట్ అని కొట్టి, పక్కన రెసిపీ పేరు ఇస్తే దాని కింద ఉన్న ఆదేశాలు వరసగా నడుస్తాయి. ఒక రెసిపీకి ముందు మరొకటి నడవాలంటే ఆ సంగతి మొదటి లైనులోనే రాయవచ్చు. ప్రాజెక్టులో ఎంత లోపలి ఫోల్డరులో ఉండి పిలిచినా, పై ఫోల్డర్లలో వెతుక్కుంటూ వెళ్లి ఫైలును పట్టుకుంటుంది. పైసా కట్టనక్కర్లేదు. హక్కులన్నీ వదులుకునే సీసీ జీరో లైసెన్సు కింద వదిలారు కాబట్టి సోర్సును ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు. ఉబుంటు 24.04, డెబియన్ 13 అనే లినక్స్ రకాలు వాడేవాళ్లకు, వాటిలో ప్రోగ్రాములు ఎక్కించే ఆప్ట్ ద్వారానే వస్తుంది. రస్ట్ ఉన్నవాళ్లు దానితో వచ్చే కార్గో అనే పనిముట్టుతో తెచ్చుకోవచ్చు.

ఇక నేను దీని దగ్గరికి ఎందుకు వచ్చానో చెప్పాలి. అది చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు.

2020లో రస్ట్ నేర్చుకుంటూ ఆఫీసు కోసం ఒక టాస్క్ రన్నర్ రాశాను. పేరు కూడా 'పని' అనే పెట్టాను. టామల్ అనే పద్ధతిలో ఉండే సెట్టింగుల ఫైలులో పనుల జాబితా రాసి ఇస్తే చదివి నడిపేది. మొదట్లో మూడు వందల లైన్లు. ప్రతి సీజన్లో ఒక కొత్త అవసరం రావడం, రాత్రికి రాత్రి ఒక షరతు చేర్చడం, అలా రెండేళ్లలో ఒకే ఫైలులో పంతొమ్మిది వందల లైన్లు అయింది. ఫైలు చదవడం, పేర్లు వెతకడం, వేరియబుళ్లు నింపడం, ఆదేశాన్ని నడపడం, తప్పు జరిగితే చెప్పడం, అన్నీ ఒకే ఫంక్షన్ కడుపులో ఉండేవి. అన్‌వ్రాప్ అనే మాట నలభై చోట్ల ఉండేది. అంటే నలభై చోట్ల ఏ కొంచెం తేడా వచ్చినా ప్రోగ్రాము ఉన్నపళంగా కూలిపోతుందన్న మాట.

2022 వేసవి సెలవుల్లో దాన్ని బాగుచేద్దామని కూర్చున్నాను. వారం రోజులు పట్టింది. పెద్ద ఫంక్షన్‌ను విడగొట్టాను, పేర్లు సరిచేశాను, రస్ట్ కోడులో లోపాలు చూపించే క్లిప్పీ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వని స్థితికి తెచ్చాను. ఆ ఊపులో సెట్టింగుల ఫైలులోని ఒక పేరు కూడా మార్చాను. పాత పేరు చూస్తే దాని అర్థం తెలిసేది కాదు, కొత్తది చక్కగా ఉంది. ఆఫీసులోని ఫైళ్లన్నిటినీ దానికి తగ్గట్టు సవరించాను. ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీలోని కంప్యూటరులో అదే ఫైలు పాత పేరుతో ఉందన్న సంగతి తట్టలేదు.

కొత్త 'పని' అక్కడికి వెళ్లింది. రస్ట్‌లో ఇలాంటి ఫైళ్లు చదవడానికి అందరూ వాడే సెర్డే అనే లైబ్రరీ, మనం ప్రత్యేకంగా వద్దనకపోతే, తనకు తెలియని పేరు కనిపించినప్పుడు ఏమీ అనకుండా దాటిపోతుంది. అదే జరిగింది. బ్యాకప్ ఎక్కడ పెట్టాలో చెప్పే పేరు అది. ఐదు రాత్రులు బ్యాకప్ లేదు, తప్పు జరిగినట్టు ఒక్క మాటా లేదు. ఆరో రోజు ఉదయం అక్కడి గుమాస్తా గారు ఫోను చేశారు. "అమ్మా, పెన్ డ్రైవులో కొత్త ఫైలు పడటం లేదు, ఒకసారి చూస్తారా?" అని అడిగారు. ఆయనది కళ్లజోడు పెట్టుకుని ప్రతి ఉదయం తేదీలు సరిచూసుకునే అలవాటు. ఆ అలవాటే మమ్మల్ని కాపాడింది. ఆ ఐదు రోజుల్లో డిస్కు చెడిపోయి ఉంటే, వందల మంది రైతుల సరుకు లెక్కను కాగితాల కట్టల్లోంచి మళ్లీ కట్టవలసి వచ్చేది.

లోపలి కోడును ఎంతగా మార్చినా, దాన్ని నమ్ముకుని బయట ఎక్కడో ఉన్న పాత ఫైలు చెడిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి? ఆ ఉదయం నుంచి నాకు ఇదే ప్రశ్న. జస్ట్ గురించి అంతకుముందే విన్నాను. సరిగ్గా ఆ ఏడాది ఫిబ్రవరిలోనే దాని 1.0 వెర్షన్ వచ్చింది. ఈ ప్రశ్న మనసులో పెట్టుకునే దాని రీడ్‌మీ (పరిచయ పత్రం) చదవడం మొదలుపెట్టాను.

అందులో ఒక హామీ కనిపించింది. 1.0 తర్వాత వచ్చే ఏ విడుదలా ఇప్పటికే నడుస్తున్న జస్ట్‌ఫైళ్లను చెడగొట్టదు. జస్ట్ 2.0 అనేది ఎప్పటికీ రాదు. పాత పద్ధతికి సరిపడని మార్పు ఏదైనా అవసరమైతే, అది కావాలనుకున్నవాళ్లు తమ ఫైలులో 'సెట్' అని ఒక లైను రాసి తెచ్చుకోవాలి. ఆ లైను లేని పాత ఫైలు పాత పద్ధతిలోనే నడుస్తుంది. బగ్గు అని తేలినదాన్ని మాత్రం సరిదిద్దే హక్కు తమకు ఉందని, ఇంకా ఖాయం కాని సౌకర్యాలకు ఈ హామీ వర్తించదని కూడా స్పష్టంగా రాశారు. హామీకి హద్దులు కూడా చెప్పడం వల్లే నాకు దాని మీద నమ్మకం కుదిరింది.

ఇక్కడ, ప్రోగ్రాములను కోడు నుంచి తయారుచేయడానికి వాడే పాత పనిముట్టు మేక్ సంగతి గుర్తుకు రాక మానదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ రాశారు. దాని ఆదేశాల ఫైలైన మేక్‌ఫైల్లో ఆదేశానికి ముందు ట్యాబ్ ఉండితీరాలి, మామూలు ఖాళీలు పెడితే కుదరదు. అది చిక్కు తెస్తుందని ఆయనకు కొద్ది వారాల్లోనే తెలిసింది. అయితే అప్పటికే ఓ డజను మంది దాన్ని వాడుతున్నారు. వాళ్ల ఫైళ్లను చెడగొట్టడం ఇష్టంలేక అలాగే ఉంచేశారు. ఆ డజను మంది కోసం ఉంచిన ట్యాబ్‌ను దాదాపు యాభై ఏళ్లుగా ప్రపంచమంతా మోస్తోంది. ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ల్యాబులో ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాను. ట్యాబూ ఖాళీలూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తప్పు ఎదురుగా ఉన్నా కంటికి ఆనలేదు. అయినా ఫెల్డ్‌మన్‌ను నేను తప్పుపట్టను. డజను మందైనా సరే, తనను నమ్ముకున్నవాళ్ల ఫైళ్లకు ఆయన విలువ ఇచ్చారు. పాత ఫైలును కాపాడుతూనే కొత్త దారి తెరవడానికి ఆయన దగ్గర అప్పుడు ఉపాయం లేదు. జస్ట్‌లోని 'సెట్' లైను ఆ ఉపాయమే. రస్ట్ భాష కూడా ఇదే పద్ధతిలో నడుస్తుంది. 2015, 2018, 2021, 2024 ఎడిషన్లలో ఏది కావాలో ప్రతి ప్రాజెక్టూ తన కార్గో ఫైలులో ఒక లైనుతో చెప్పుకుంటుంది. కోడును నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ కొత్తది వచ్చినా 2015 ఎడిషన్లో రాసిన ప్రాజెక్టును 2015 ఎడిషన్ నియమాలతోనే చూస్తుంది.

హామీ ఇవ్వడం తేలిక. నిలబెట్టుకుంటున్నారా లేదా అన్నదే చూడాలి. అందుకే జస్ట్ పుట్టుక దగ్గర నుంచి ఏమేం మారిందో వెతికాను. దాన్ని రాసిన కేసీ రోడార్మర్ 2016లో మొదలుపెట్టారు. రస్ట్‌లోకి రాకముందు జస్ట్ అంటే మేక్‌ను పిలిచే చిన్న షెల్ స్క్రిప్టు (ఆదేశాల ఫైలు) మాత్రమే. ఆ స్క్రిప్టును పారేయకుండా రిపాజిటరీలో (కోడు ఉంచే చోట) ఒక పక్కన దాచి ఉంచారు, ఎవరైనా చూడవచ్చు. రస్ట్‌లో రాశాక కూడా లోపలి భాగాలు అలాగే ఉండిపోలేదు. ఫైలును పదాలుగా విడగొట్టే లెక్సర్ మొదట రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల (అక్షరాల నమూనాలను వెతికే సూత్రాల) మీద నడిచేది. 2019లో దాన్ని తీసేసి, ఒక్కో అక్షరాన్నీ చూసుకుంటూ వెళ్లే లెక్సర్‌ను చేత్తో రాసి పెట్టారు. ఇల్లు కూలగొట్టకుండా పునాది మార్చడం లాంటి పని అది.

ఇంత మారుస్తూ పాత ఫైళ్లు చెడలేదని ఎలా తెలుసుకుంటారు? దానికి జేనస్ అని వేరే పనిముట్టు ఒకటి ఉంది. జనం రాసుకున్న జస్ట్‌ఫైళ్లను పోగుచేసి, కొత్త వెర్షన్ వాటిలో దేన్నైనా చదవలేకపోతోందా, లేక వేరే అర్థంలో తీసుకుంటోందా అని పోల్చి చూడటానికి దాన్ని రాశారు. తాను రాసుకున్న పరీక్షలతో సరిపెట్టుకోకుండా, ఊళ్లోవాళ్ల ఫైళ్లు తెచ్చి పరీక్షించడం అన్నమాట. దాని గురించి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా దగ్గర క్లిప్పీ హెచ్చరికలు సున్నా, కస్టమర్ల ఫైళ్ల నకళ్లూ సున్నా.

2022 జూన్‌లో ఆఫీసు ప్రాజెక్టులన్నిటికీ కలిపి ఒక జస్ట్‌ఫైల్ రాశాను. కస్టమర్ల కంప్యూటర్లలో 'పని'నే ఉంచి, మరుసటి వేసవిలో దాన్ని రెండోసారి విప్పాను. ఈసారి కోడు ముట్టుకునే ముందు పద్నాలుగు చోట్ల నుంచి సెట్టింగుల ఫైళ్ల నకళ్లు తెప్పించాను. పాత 'పని'కి ఒక్కో ఫైలూ ఇచ్చి, ఏయే ఆదేశాలు ఏ వరసలో నడుపుతుందో, నిజంగా నడపకుండా, కాగితం మీద పెట్టినట్టు ఒక టెక్స్ట్ ఫైలులోకి రాయించాను. ఆ తర్వాత కోడులో ప్రతి చిన్న మార్పుకూ ఆ పద్నాలుగు ఫైళ్లనూ మళ్లీ నడిపి, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆగిపోయాను. మొదటిసారి వారంలో అయిన పనికి ఈసారి నాలుగు వారాలు పట్టింది.

జస్ట్ సోర్సు నుంచి నేను నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా విలువైనది దాని దశల విభజన. లెక్సర్ అక్షరాలను టోకెన్లుగా (విడి పదాలుగా) చేస్తుంది. పార్సర్ టోకెన్లను రెసిపీలుగా కూరుస్తుంది. ఎనలైజర్ పేర్లన్నీ ఉన్నాయా, ఒకదాని మీద ఒకటి ఆధారపడుతూ వలయంలో చిక్కుకున్నవి ఉన్నాయా అని చూస్తుంది. ఆ తర్వాతే నడపడం. ఈ దశల మధ్య గోడ ఎంత గట్టిదంటే, ఆధారాలు ఇంకా తేలని రెసిపీకి ఒక టైపు (డేటా రకం), తేలిన రెసిపీకి మరో టైపు ఉన్నాయి. నడిపే భాగం రెండో టైపునే తీసుకుంటుంది. తనిఖీ కాని రెసిపీని పొరపాటున నడపబోతే కంపైలరే ఒప్పుకోదు. 'పని'లో నేను ప్రతి చోటా ఇఫ్‌లు (షరతులు) పెట్టి కాపలా కాసిన పనిని ఇక్కడ టైపు ఒక్కటే కాస్తోంది. ఇది అర్థమయ్యాక నా కోడులో పదిహేడు ఇఫ్‌లు పోయాయి.

అన్‌వ్రాప్‌ల సంగతి కూడా అలాగే తేలింది. సాధ్యమైన తప్పులన్నిటినీ ఒక ఈనమ్‌లో (రకాల జాబితాలో) రాశాను. రస్ట్‌లో ఒక్కో రకానికి ఏం చేయాలో చెప్పే మ్యాచ్ రాసేటప్పుడు ఒక్క రకాన్ని మరిచిపోయినా కంపైల్ కాదు కాబట్టి, కొత్త తప్పు చేర్చిన ప్రతిసారీ దానికి ఏ సందేశం ఇవ్వాలో అక్కడికక్కడే ఆలోచించవలసి వస్తుంది. ప్రతి టోకెన్‌తోనూ లైను, కాలమ్ అంకెలు మోసుకుంటూ వెళితే, తప్పు ఎక్కడ ఉందో వేలుపెట్టి చూపించవచ్చని కూడా జస్ట్ చూసే తెలుసుకున్నాను. ఇక పేరు మార్చి నేను తెచ్చిన ముప్పుకు సెర్డేలోనే మందు ఉంది. ఆలియాస్ అని ఒక లైను రాస్తే పాత పేరునూ ఒప్పుకుంటుంది. తెలియని పేర్లను తిరస్కరించమని ఇంకో లైను. రెండు లైన్లు. 2022లో అవి ఉంటే ఆ ఐదు రాత్రులూ బ్యాకప్ వచ్చి ఉండేది.

చిన్నదే అయినా ఎక్కువ ఇబ్బంది పెట్టినది ఇంకొకటి ఉంది. డేటాబేసు నకలు తీస్తుండగా కంట్రోల్ సి నొక్కితే 'పని' వెంటనే చచ్చిపోయేది, అది నడుపుతున్న ప్రోగ్రాము మాత్రం తన పని ముగించుకుంటూ ఇంకా రాస్తూనే ఉండేది. తెర మీద మళ్లీ ఆదేశం అడుగుతుంది కాబట్టి అంతా ఆగిపోయిందనుకుంటాం. జస్ట్ అలా చేయదు. ఆ సంకేతం వచ్చినా, తాను పుట్టించిన ప్రోగ్రాము ముగిసేవరకు ఆగి, తర్వాతే తాను ముగుస్తుంది. మామూలుగా ఆదేశం విఫలమైతే, దాని ఎగ్జిట్ కోడునే (ఎలా ముగిసిందో చెప్పే అంకెనే) తాను బయటికి ఇస్తుంది. రాత్రి బ్యాకప్ పడిందా లేదా అని చూసే స్క్రిప్టుకు కావలసింది అదే.

నాలుగు వారాలు కష్టపడి 'పని'ని శుభ్రం చేశాక కోడంతా ఒకసారి మొదటి నుంచి చదివాను. అందులో ముప్పాతిక భాగం జస్ట్ అంతకన్నా బాగా చేస్తున్న పనే. దాచుకోకుండా ఆఫీసులో అందరికీ ఆ మాట చెప్పాను. మా దగ్గర చేరి ఏడాది అయిన కుర్రవాడు "మరి ఇన్నాళ్లు పడిన కష్టం, మేడమ్?" అన్నాడు. ఆ కష్టం లేకపోతే ఏ ముప్పాతిక తీసేయవచ్చో నాకు తెలిసేది కాదు. కలగలిసి ఉన్న కోడులో దేన్నీ వేరుచేసి చూడలేం. ఆ సెలవుల్లోనే కస్టమర్ల కంప్యూటర్లన్నీ జస్ట్‌కు మారాయి.

ఇప్పుడు రోజువారీ వాడకం. నాకు బాగా నచ్చినది జాబితా. 'జస్ట్ --లిస్ట్' అని కొడితే రెసిపీల పేర్లు వరసగా వస్తాయి. ప్రతి రెసిపీ పైన మనం రాసిన వ్యాఖ్య పక్కనే కనిపిస్తుంది. రెసిపీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి గాని, వ్యాఖ్యలు ఏ భాషలోనైనా రాయవచ్చు. నేను తెలుగులో రాశాను. "ఈ రోజు బ్యాకప్ తీసి పెన్ డ్రైవులో పెట్టు", "నిన్నటి బ్యాకప్ సరిగా ఉందో లేదో చూడు", "అద్దె బాకీల జాబితా అచ్చు వెయ్యి". కొన్ని టెర్మినళ్లలో ఒత్తులు పక్కకు జరిగిపోతాయి, అది టెర్మినళ్లు సరిచేసుకోవలసిన లోపం. గుమాస్తా గారికి ఇంగ్లీషు ఆదేశాలు కంఠస్థం చేయవలసిన అవసరం పోయింది. జాబితా తెరిచి, చదువుకుని, పక్కనున్న పేరు చూసి కొడతారు. ఎక్కడైనా అక్షరం తప్పు పడితే, అలాంటి రెసిపీ లేదని చెప్పి, మీ ఉద్దేశం ఫలానాదా అని దగ్గరి పేరును సూచిస్తుంది.

పాత బ్యాకప్‌ను తిరిగి ఎక్కించే రెసిపీకి పైన కన్ఫర్మ్ అని రాశాను. ఇది 1.0 తర్వాత చేరిన సౌకర్యం. నడపబోయే ముందు ఆగి అడుగుతుంది, అడిగే మాటను మనమే రాయవచ్చు. "ఇప్పుడున్న లెక్క పోయి పాత లెక్క వస్తుంది. చేయమంటారా?" అని పెట్టాను. అవునని టైపు చేస్తేనే కదులుతుంది. ఏదైనా నడపడానికి ముందే ఫైలు మొత్తాన్ని చదివి తప్పులు చెప్పడం ఇంకో మేలు. సగం ఆదేశాలు నడిచాక, మిగతా సగంలో లేని రెసిపీ పేరు బయటపడి ఆగిపోయే బాధ లేదు. ట్యాబ్ పెట్టినా ఖాళీలు పెట్టినా ఒప్పుకుంటుంది, ఒకే రెసిపీలో రెండూ కలపకూడదు. కలిపితే ఏ లైనులో కలిపామో చూపిస్తుంది.

లోపాలు కూడా అంతే వివరంగా చెబుతాను, ఎందుకంటే వీటిలో రెండింటి మూలంగా మేము దెబ్బతిన్నాం.

మామూలు రెసిపీలో ప్రతి లైనూ కొత్త షెల్‌లో (ఆదేశాలను నడిపే ప్రోగ్రాములో) నడుస్తుంది. ఒక లైనులో ఫోల్డరు మారితే రెండో లైనుకు ఆ సంగతి తెలియదు. మేక్ వాడినవాళ్లకు ఇది అలవాటే, కొత్తవాళ్లు మాత్రం కచ్చితంగా తడబడతారు. దీనికి పరిష్కారంగా రెసిపీ మొదటి లైనులో షెబాంగ్ (ఏ ప్రోగ్రాముతో నడపాలో చెప్పే గుర్తు) రాస్తే, మొత్తాన్ని ఒకే స్క్రిప్టుగా నడుపుతుంది. పైథాన్‌లోనైనా రాయవచ్చు. కాని అక్కడ ఇంకో గొయ్యి ఉంది. మామూలు రెసిపీలో ఒక లైను విఫలమైతే జస్ట్ అక్కడే ఆగిపోతుంది. షెబాంగ్ రెసిపీ బాష్ అనే షెల్‌లో ఉంటే, తప్పు వచ్చినప్పుడు ఆగమని మనమే 'సెట్ -ఈ' రాయాలి. రాయకపోతే బాష్ తన సహజ పద్ధతిలో ముందుకు పోతుంది. 2023 సీజన్లో కొత్త నకలు తీసి, పాతది చెరిపే రెసిపీని అలా మార్చాను. ఒకరోజు డిస్కు నిండి కొత్త నకలు పడలేదు, చెరపడం మాత్రం జరిగిపోయింది. ఇంకో చోట మరో నకలు ఉంది కాబట్టి బయటపడ్డాం. డాక్యుమెంటేషన్‌లో ఈ హెచ్చరిక ఉంది. అయినా జస్ట్‌ఫైల్ రాసే ప్రతివారికీ మొదటి రోజే చెప్పవలసిన విషయం ఇది.

రెండోది కొటేషన్ల సంగతి. రెసిపీకి ఇచ్చిన మాటను జంట మీసాల బ్రాకెట్లలో పెట్టి ఆదేశంలో వాడినప్పుడు, జస్ట్ దాన్ని ఉన్నది ఉన్నట్టు అతికిస్తుంది. మా కస్టమర్ల పేర్లలో ఒక్క మాటతో ఉన్నవి లేవు. 'శ్రీ' తర్వాత ఖాళీ, 'అండ్ కో' ముందు ఖాళీ. షెల్ ఆ పేరును ముక్కలు చేసి, మొదటి ముక్కను ఫైలు పేరు అనుకుంది. 'శ్రీ' అనే పేరుతో ఒకే ఫైలులో ముగ్గురి నివేదికలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కోట్ అనే ఫంక్షన్ వాడితే ఈ బాధ ఉండదు, 'సెట్ పొజిషనల్-ఆర్గ్యుమెంట్స్' అని రాసుకుని, ఆదేశంలో మీసాల బ్రాకెట్ల బదులు కొటేషన్లలో "$1" వాడినా సరిపోతుంది. ఊరికే అతికించడం కన్నా మొదటి నుంచీ జాగ్రత్తగా అతికించడమే మేలని నా అభిప్రాయం. కాని ఇప్పుడు మారిస్తే పాత ఫైళ్లు చెడతాయి. నేను ఏ హామీ చూసి వచ్చానో దాని ఖరీదు ఇది. ఆ ఖరీదు నాకు సమ్మతమే.

హామీ వెనకటి ఫైళ్లకే గాని ముందరి ఫైళ్లకు లేదు. ఆఫీసులో కొత్త వెర్షన్ పెట్టుకుని, రెసిపీలను గుంపులుగా విడగొట్టే కొత్త గుర్తు వాడి ఫైలు రాస్తే, కస్టమర్ దగ్గరున్న పాత జస్ట్‌కు అది అర్థం కాదు. ఫైలు మొత్తాన్నీ తిరస్కరిస్తుంది. ఆప్ట్‌లో వచ్చేది ఎప్పుడూ కొంచెం పాతదే కాబట్టి ఇది తరచూ ఎదురవుతుంది. అందుకని అన్ని చోట్లా ఒకే వెర్షన్ ఉంచుతున్నాం.

విండోస్‌లో కూడా నడుస్తుంది, కాకపోతే మామూలుగా ఎస్‌హెచ్ అనే షెల్ కోసం వెతుకుతుంది. గిట్ ఫర్ విండోస్ ఉంటే దానితోనే వస్తుంది, లేకపోతే విండోస్ సొంత షెల్ అయిన పవర్‌షెల్ వాడమని ఫైలులో చెప్పాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా, మేక్ చేసే ఒక పని జస్ట్ చేయదు. ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూసి, మారినవాటినే మళ్లీ తయారుచేయడం మేక్ పుట్టిన కారణం. జస్ట్ బిల్డ్ సిస్టమ్ కాదని వాళ్లే చెబుతారు. పెద్ద సి ప్రాజెక్టు ఉన్నవాళ్లు మేక్‌ను వదలకండి. మాకు రస్ట్ కోడు కార్గో చూసుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. రెండు వందల పైచిలుకు పట్టీ నమూనాల్లో మారినవాటినే మళ్లీ కూర్చే పని మాత్రం మిగిలింది. దానికి 'పని'నే ఉంచాను. ఇప్పుడు అది నాలుగు వందల ముప్పై లైన్లు, ఆ ఒక్క పనే చేస్తుంది, జస్ట్‌ఫైల్లోని ఒక రెసిపీ దాన్ని పిలుస్తుంది.

నలుగురైదుగురు పనిచేసే చోట, ఎవరి బుర్రలో వాళ్లు ఆదేశాలు పెట్టుకుని నడుపుతున్న ఆఫీసులకు జస్ట్‌ను నిస్సందేహంగా చెబుతాను. ఆదేశాలు రాసినవాళ్లు ఒకరై, వాడేవాళ్లు ఇంకొకరైన చోట మరీ చెబుతాను. కాస్త రస్ట్ వచ్చినవాళ్లు దాని సోర్సు కూడా చదవండి. టాస్క్ రన్నర్ రాయకపోయినా, ఒక భాషను చదివి నడిపే ప్రోగ్రామును ఎలా విడగొట్టుకోవాలో ఇంత చిన్న పరిమాణంలో నేర్పే కోడు నాకు ఇంకొకటి దొరకలేదు. పరీక్షలు ఎలా రాశారో ముందు చూడండి. ఒక తాత్కాలిక ఫోల్డరులో జస్ట్‌ఫైల్ పెట్టి, అసలు ప్రోగ్రామునే నడిపి, ఏం అచ్చయిందో సరిచూస్తారు. లోపల ఫంక్షన్లు ఎన్ని మారినా ఆ పరీక్షలు మారనక్కర్లేదు.

2025 మే నెలలో యార్డు సెలవుల సమయంలో ఊరి బయటి ఆ కోల్డ్ స్టోరేజీకి వెళ్లి జస్ట్ కొత్త వెర్షన్ ఎక్కించాను. దానికన్నా ముందు ఆఫీసులో పద్నాలుగు చోట్ల ఫైళ్లనూ పాత వెర్షన్‌తోనూ కొత్త వెర్షన్‌తోనూ నడపకుండా రాయించి పోల్చాను. తేడా ఒక్క చోట కూడా లేదు. 2022 జూన్‌లో రాసిన ఆఫీసు జస్ట్‌ఫైల్ కూడా ఒక్క అక్షరం మార్చకుండా నడిచింది. గుమాస్తా గారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని జాబితా అంతా చదివారు. "అమ్మా, సాయంత్రం గేటు మూసే ముందు గదివారీ టిక్కీల లెక్క కూడా ఇందులోనే వస్తే బాగుంటుంది" అన్నారు. అక్కడే కూర్చుని రాసి ఇచ్చాను. పైన తెలుగు వ్యాఖ్యతో కలిపి నాలుగు లైన్లు అయింది.